కుళాయిలో మురుగునీరు వస్తుంటే అడగవలసింది కౌన్సిలర్‌నా, కమిషనర్‌నా, సచివాలయాన్నా?

ప్రశ్న: డెల్టా ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. మేము కృష్ణా డెల్టాలోని ఒక పురపాలక పట్టణంలో ఇరవై రెండేళ్లుగా నివసిస్తున్నాము. మా వీధికి ఉదయం ఆరు గంటలకు కుళాయి వదులుతారు. సుమారు గంటసేపు నీళ్లు వస్తాయి. గత ఐదు నెలలుగా మొదటి రెండు మూడు బిందెల నీళ్లు మడ్డి రంగులో, మురుగు వాసనతో వస్తున్నాయి. ఆ తరువాత తేటపడతాయి కానీ, తేటపడిన నీళ్లు మంచివని నమ్మే ధైర్యం మాకు లేదు. ఎదురింటి పిల్లలిద్దరికీ ఒకే వారంలో విరేచనాలు పట్టుకొని ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. దానికి కారణం ఈ నీళ్లేనని నేను నిరూపించలేను. అయినా ఆ రోజు నుంచి వీధిలో ఎవరూ కుళాయి నీరు తాగడం లేదు, రోజూ క్యాన్లు కొనుక్కుంటున్నారు.

వార్డు సచివాలయంలో చెప్పాము. సదుపాయాల కార్యదర్శి మర్యాదగా వచ్చి చూసి, పైపులైను మార్చాలంటే అంచనా వేయాలని, అది తన చేతిలో లేదని చెప్పారు. కౌన్సిలర్‌గారిని కలిస్తే నిధులు లేవన్నారు. పురపాలక కార్యాలయానికి వెళ్తే, మీ వార్డు నుంచి కౌన్సిల్‌లో ప్రతిపాదన రాలేదన్నారు. ముగ్గురూ చెప్పినదాంట్లో నిజం ఉండవచ్చు. కానీ ఆ మూడు మాటలనూ కలిపి చూస్తే మా వీధి గోడు వినవలసిన మనిషి ఎవరో మాత్రం తెలియడం లేదు. మేము ఏటా ఏప్రిల్ 30 లోపే ఆస్తిపన్ను మొత్తం కట్టి 5 శాతం రాయితీ పొందే కుటుంబం. మా వీధిలో బకాయి ఉన్న ఇల్లు ఒకటో రెండో తప్ప లేవు.

నేను పాఠశాలలో పిల్లలకు స్థానిక స్వపరిపాలన పాఠం చెబుతాను. వార్డు సభ్యులు, చైర్‌పర్సన్, కమిషనర్ అని బోర్డు మీద రాస్తాను. ఆ పాఠం మా వీధిలో ఎలా పనిచేస్తుందో నాకే తెలియకపోవడం చాలా బాధగా ఉంది. కౌన్సిల్ చేయవలసిన పని ఏది? సిబ్బంది చేయవలసినది ఏది? మేము ఏ వరుసలో వెళ్లాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత నీటి సరఫరా ఇంజినీరు

అమ్మా, పరిపాలన సంగతి తరువాత మాట్లాడుకుందాము. ముందు ఆ నీళ్లను కాచి చల్లార్చకుండా పసిపిల్లలకు, వృద్ధులకు ఇవ్వవద్దు. మొదటి బిందెలు తాగడానికే కాదు, గిన్నెలు కడగడానికి కూడా వాడవద్దు.

మీరు రాసిన లక్షణాలను బట్టి తప్పు ఎక్కడ ఉందో చాలావరకు ఊహించవచ్చు. నీటిని శుద్ధి చేసే ఫిల్టరు బెడ్ల దగ్గర లోపం ఉంటే పట్టణమంతా, గంటసేపూ అదే రంగు నీరు రావాలి. మీ వీధిలో మాత్రమే, అదీ కుళాయి వదిలిన మొదటి నిమిషాల్లోనే వస్తున్నదంటే, పంపిణీ గొట్టంలో మీ దగ్గరలోనే ఎక్కడో చిల్లు ఉన్నదని అర్థం. మన పట్టణాలలో నీటిని ఇరవై నాలుగు గంటలూ ఇవ్వము కదా. కుళాయి వదిలినంతసేపూ గొట్టంలోని ఒత్తిడి వల్ల చిల్లులోంచి నీరు బయటికే పోతుంది. కట్టేసిన తరువాత ఒత్తిడి పడిపోయి, గొట్టం చుట్టూ నిలిచిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి చేరుతుంది. మర్నాడు ఉదయం మీ మొదటి బిందెలోకి వచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు వీధిలో ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే నీళ్లు వస్తున్న సమయంలో కూడా గొట్టంలో పీల్పు ఏర్పడి మురుగును లోపలికి లాగుతుంది. ఈ విషయం ఇరుగుపొరుగుతో మీరే నెమ్మదిగా మాట్లాడాలి.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక వీధిలో ఇదే ఫిర్యాదు మీద మూడు చోట్ల తవ్వించాను. మొదటి రెండు గోతుల్లో ప్రధాన గొట్టం చక్కగానే ఉన్నది. మూడవది సైడు కాలువ పక్కన తవ్వాము. ఒక ఇంటికి వెళ్లే జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప గొట్టం) సరిగ్గా కాలువ మధ్యనుంచి పోతున్నది. పై భాగం చేత్తో తడిమితే గట్టిగానే ఉన్నది. ఫిట్టరు దానిని కొంచెం పైకెత్తి కింద వేలు పెడితే వేలు లోపలికి దిగిపోయింది. అడుగుభాగం మొత్తం తుప్పు తినేసింది. ఎప్పుడో ఎవరో సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన సిమెంటు మెత్తారు. ఆ ఒక్క పైపు వల్ల ఇరవై ఇళ్లవారు నెలల తరబడి అవస్థ పడ్డారు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. వీధిలోని ప్రధాన గొట్టం పురపాలక సంఘానిది. దాని చిల్లు పూడ్చడం, జాయింటు బిగించడం నిర్వహణ పనులు. వాటికి కౌన్సిల్ తీర్మానం కోసం ఆగనక్కరలేదు, అసిస్టెంట్ ఇంజినీరు పంపిన ఫిట్టరు ఒక పూటలో చేయగలడు. ప్రధాన గొట్టం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు పైపు సాధారణంగా ఇంటివారి ఖర్చు. గొట్టం మొత్తం తీసి కొత్తది వేయాలంటే మాత్రం అంచనా, సాంకేతిక అనుమతి, కౌన్సిల్ ఆమోదం, టెండరు, ఒప్పందం అన్నీ నడవాలి. మీతో మాట్లాడినవారు నేరుగా ఈ మూడవదాని గురించి చెప్పారు. మొదటిది జరిగిందా అని మీరు అడగలేదు, వారూ చెప్పలేదు. కాబట్టి పైపులైను మార్చమని కాక, తవ్వి చూసి లీకు ఎక్కడో తేల్చమని ముందుగా రాసి ఇవ్వండి.

ఇంకొకటి కూడా అడగండి. వార్డు చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయమనండి. క్లోరోస్కోపు అని చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉంటే నీరు పసుపుపచ్చగా మారుతుంది. రంగు చూసి లెక్క చెబుతారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి కుళాయి వరకు మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. ట్యాంకు దగ్గర సరిపడా కలిపినా మీ దగ్గర రంగు రాకపోతే, దారిలో ఏదో కలుషితం ఆ క్లోరిన్‌ను తినేస్తున్నదని అర్థం. ఇది ఖర్చు లేని పరీక్ష, మీ కళ్లముందే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీటి మీద ఆధారపడే రోజుల్లో దీనిని అడగడం మరీ అవసరం.

జవాబు: మాజీ కౌన్సిలర్

ఇంజినీరుగారు చెప్పినది అక్షరాలా నిజం. నేను ఒక పట్టణంలో ఐదేళ్లు వార్డు సభ్యుడిగా పనిచేశాను. ప్రజలు మా దగ్గరకు తెచ్చే పనుల్లో సగానికి పైగా కౌన్సిల్‌తో సంబంధం లేనివే ఉండేవి. జనన ధృవీకరణ పత్రం, ఇంటి ప్లాను అనుమతి, కుళాయి లీకు, వీధి దీపం, చెత్త బండి రాకపోవడం ఇవన్నీ కమిషనర్ కింద ఉండే సిబ్బంది రోజువారీ బాధ్యతలు. వాటిలో కొన్నింటికి చట్టమే గడువు పెట్టింది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించడానికి ఏ కౌన్సిలర్ సిఫార్సూ అక్కరలేదు. మేము ఫోన్ చేస్తే పని తొందరగా అవుతుందన్న నమ్మకం ప్రజల్లో ఉన్నది; దానిని మేమూ పెంచి పోషించాము. అది మంచి అలవాటు కాదని పదవి దిగిన తరువాత నాకు బాగా తెలిసివచ్చింది.

మరి కౌన్సిల్ ఎందుకు? డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది నిర్ణయించడానికి. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం 1965 నాటిది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఐదేళ్ల పదవీకాలాన్ని, రాష్ట్ర ఎన్నికల సంఘం ద్వారా ఎన్నికలను స్థిరపరచింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి: నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, శ్మశానాలు, పార్కులు, మురికివాడల అభివృద్ధి, జనన మరణాల లెక్క వంటివి. ఆ 18లో ఉన్నంత మాత్రాన అన్నీ మన చేతికి వచ్చాయనుకోకూడదు. అగ్నిమాపక సేవలు అందులో ఉన్నా, మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వ శాఖే వాటిని నడుపుతున్నది. వీధి స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, దాని మీది దీపం పురపాలక సంఘానిది. ఈ తేడా తెలియక ఒక దీపం కోసం నా వార్డులో ఒక పెద్దావిడ రెండు కార్యాలయాల చుట్టూ నెల రోజులు తిరిగారు.

కౌన్సిల్ సాధారణ సమావేశం నెలకొకసారి జరుగుతుంది. అజెండాలోకి ఎక్కిన అంశం మీదే తీర్మానం అవుతుంది. వార్డు సభ్యులు తమలోంచి చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. ఎమ్మెల్యే, ఎంపీ పదవి రీత్యా సభ్యులుగా ఉంటారు. తీర్మానాన్ని అమలు చేయవలసినవారు కమిషనర్. అందువల్ల నిధులు లేవని కౌన్సిలర్‌గారు అంటే, బడ్జెట్‌లో తాగునీటి పద్దు కింద ఎంత చూపారు, అందులో మన వార్డుకు ఏ పని పెట్టారు అని అడగండి. 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం ఇచ్చిన గ్రాంట్లలో పెద్ద భాగాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. ఆ డబ్బును సిమెంటు రోడ్డుకు మళ్లించే వీలు లేకుండా చేయడమే అందులోని ఉద్దేశం.

నా వార్డులో ఒక కల్వర్టు సంగతి చెబుతాను. మూడేళ్లు నేను నోటిమాటగా అడిగాను, అది కాలేదు. ఒకసారి ఆ వీధివారే ముప్పై మంది సంతకాలతో, వర్షంలో పిల్లలు మోకాలి లోతు నీళ్లలో బడికి వెళ్తున్న ఫోటోతో అర్జీ రాసి, కార్యాలయంలో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డులో నంబరు వేయించుకొని, ఒక నకలు నాకు, ఒకటి చైర్‌పర్సన్‌గారికి ఇచ్చారు. అజెండా తయారయ్యే వారానికి ముందు ఇచ్చారు. అదే వారు చేసిన తెలివైన పని. కాగితం చేతిలో ఉంటే కౌన్సిల్‌లో నా గొంతుకు బలం వచ్చింది. ఆ నెలలోనే అంచనాకు ఆదేశమైంది. మీరూ అలాగే చేయండి. మీ పాలకవర్గం గడువు ముగిసి, ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే, కౌన్సిల్ అధికారాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి కాబట్టి ఆ అర్జీ ఆయన పేరిట ఇవ్వాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి; 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.

జవాబు: చీరాల చరిత్ర విద్యార్థి

మాజీ కౌన్సిలర్‌గారి మాటలను గౌరవిస్తూనే ఒక విషయం చేర్చదలచాను. అర్జీ పెట్టుకోవడం దగ్గరే ఆగిపోతే మనము అడిగేవారిగానే మిగిలిపోతాము. ఈ సంస్థను నడిపేది మన పన్ను కాబట్టి, లెక్క చూసే హక్కు కూడా మనదే.

మా ఊరి పేరు ఈ విషయంలో ఎందుకు తలచుకోవాలో చాలామందికి తెలుసు. 1919లో చీరాల, పేరాలలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీని చేసింది. అంతకుముందు యూనియన్‌గా, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను భారం 40,000 దాకా పెరిగింది. ఎక్కువగా నేత మీద బతికే జనం. తమకు అక్కరలేని సంస్థను, మోయలేని పన్నును తమ అభిప్రాయం అడగకుండా నెత్తిన పెట్టారన్నది వారి ఆవేదన. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాది మంది ఇళ్లు విడిచి, ఊరి పొలిమేర బయట రామ్‌నగర్ అని గుడిసెలు వేసుకొని నెలల తరబడి ఎండకు, వానకు ఓర్చుకొని ఉన్నారు. మునిసిపాలిటీ పరిధిలో లేకపోతే పన్ను అడగలేరు కదా అన్నది వారు ఎంచుకున్న దారి. పన్ను వేసేవారు ప్రజలకు జవాబు చెప్పాలన్న మాటను అంత కష్టపడి చెప్పిన ఊరు మరొకటి నాకు తెలియదు.

ఇప్పుడు సంస్థ మనది, ఎన్నుకునేది మనము. కాబట్టి మీ పన్ను రశీదును ఒకసారి నిదానంగా చదవండి. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడాల విలువ) మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి పెరుగుదల 15 శాతం మించకుండా పరిమితి పెట్టారు. అందులో గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసలు విడిగా ఉంటుంది. దానిని పురపాలక సంఘం వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. తన దగ్గర ఉంచుకోకూడదు. మా పట్టణ గ్రంథాలయంలో సాయంత్రం దినపత్రికలకోసం వచ్చే వృద్ధులను చూసినప్పుడల్లా ఆ 8 పైసలు గుర్తుకు వస్తాయి. చెత్త సేకరణకు 2021లో మొదలైన రుసుము 2024లో రద్దయింది. ప్రజలకు అది ఊరట, సందేహం లేదు. అయితే చెత్త బండ్ల ఖర్చు మాత్రం రద్దు కాలేదు. ఆ ఖర్చు ఏ పద్దు నుంచి భరిస్తున్నారో, అందువల్ల నీటి గొట్టాల మరమ్మతు వెనక్కి పోతున్నదో లేదో బడ్జెట్ ప్రతి చూస్తే తెలుస్తుంది. మీరు పాఠం చెప్పేవారు కాబట్టి, ఆ ప్రతిని సంపాదించి మీ వీధివారికి చదివి వినిపించగలరు.

జవాబు: తెలంగాణ నుంచి ఒక వార్డు కమిటీ సభ్యురాలు

మాది తెలంగాణలోని ఒక చిన్న మునిసిపాలిటీ. మా 2019 మునిసిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కొక్కదానిలో 15 మంది. మునిసిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని కూడా అదే చట్టం చెబుతున్నది. మహిళల కమిటీలో నన్ను వేసుకున్నారు. నిజం చెప్పాలంటే మేము సమావేశమైనది కొద్దిసార్లే. పిలవవలసినవారు పిలవలేదు, మేమూ పట్టుబట్టలేదు. కానీ కూర్చున్న ఒక్క రోజున మాత్రం, ఏ వీధిలో ఏ సమయానికి నీళ్లు వస్తాయో, ఎక్కడ రంగు మారుతుందో ఆడవాళ్లమే గోడ మీద సుద్దతో పటం గీసి చూపించాము. ఆఫీసు పటంలో లేని రెండు పాత గొట్టాలు ఆ రోజు బయటపడ్డాయి. టీచరుగారూ, మీరు కూడా మీ వీధిలో ఎవరింట్లో ఎన్ని బిందెల తరువాత నీరు తేటపడుతుందో రాసి పెట్టండి. చిల్లుకు దగ్గరగా ఉన్న ఇంట్లో లెక్క తప్పకుండా తేడాగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: డెల్టా ఉపాధ్యాయిని

మీ అందరికీ నా కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. జరిగింది ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అక్కగారు చెప్పినట్టు ముందుగా వారం రోజులు వీధిలోని పదకొండు ఇళ్లలో బిందెల లెక్క రాశాము. కల్వర్టు పక్కనున్న రెండిళ్లలో నాలుగైదు బిందెల దాకా మడ్డి వస్తున్నది. వీధి మొదట్లో ఒక బిందెకే తేటపడుతున్నది. ఆ కాగితం జతచేసి, పైపులైను మార్చమని కాక లీకు ఎక్కడో తేల్చమని అసిస్టెంట్ ఇంజినీరుగారి పేర అర్జీ ఇచ్చి నంబరు తీసుకున్నాను. నాలుగవ రోజున ఫిట్టరు, ఇద్దరు కూలీలు వచ్చారు. మేము చూపిన చోటే తవ్వారు. ప్రధాన గొట్టం జాయింటు ఒకటి వదులైంది. దానికంటే ముఖ్యంగా ఆ రెండిళ్లలో ఒకరి సర్వీసు పైపు కాలువలో మూడు అడుగుల మేర మునిగి, అడుగున తుప్పు పట్టి ఉన్నది, ఇంజినీరుగారు కళ్లకు కట్టినట్టు వర్ణించినదే. జాయింటు వారు ఆ పూటే బిగించారు. పైపును ఆ ఇంటివారు తమ ఖర్చుతో కాలువకు పైగా మార్పించుకున్నారు. ఆయన పింఛనుదారు కాబట్టి కూలి ఖర్చును వీధివారమే పంచుకున్నాము.

మర్నాడు ఉదయం మొదటి బిందె గాజు గ్లాసులో పట్టి చూశాను. కొంచెం మబ్బుగా ఉన్నా వాసన లేదు. క్లోరిన్ పరీక్ష కూడా అడిగి చేయించాము. గొట్టంలో నీరు లేత పసుపుకు మారినప్పుడు చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. అయినా ఇంకా కాచిన నీళ్లే తాగుతున్నాము, ఎందుకంటే మిగిలిన అరవై మీటర్ల గొట్టం కూడా అంతే పాతదని ఫిట్టరు స్వయంగా చెప్పాడు.

ఆ అరవై మీటర్ల కోసం 41 మంది సంతకాలతో విడిగా అర్జీ తయారుచేసి, కౌన్సిలర్‌గారికి, చైర్‌పర్సన్‌గారికి, కమిషనర్‌గారికి నకళ్లు ఇచ్చాము. అజెండాలో పెట్టిస్తానని కౌన్సిలర్‌గారు మా వీధిలోనే అందరి ముందు మాట ఇచ్చారు. బడ్జెట్ ప్రతి కోసం కూడా దరఖాస్తు చేశాను. సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉంటుందని చెప్పారు. తీర్మానం ఏమయిందో, ఏ పద్దు కింద ఎంత మంజూరు చేశారో ఆ రోజు సాయంత్రమే ఇక్కడ రాస్తాను.